మూడు డెస్క్‌టాప్‌లకు ఒకే లాగిన్ స్క్రీన్: జీడీఎం, ఎస్‌డీడీఎం, లైట్‌డీఎం వాడి చూశాక

ఒకే డెబియన్ లినక్స్ సిస్టమ్‌లో గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మూడు డెస్క్‌టాప్‌లూ పెట్టుకుని చాలా కాలంగా వాడుతున్నాను. వీటిలో ఏది గొప్పదన్న గొడవలోకి పోను. వాటికి ముందు నిలబడి పాస్‌వర్డ్ అడిగే డిస్‌ప్లే మేనేజర్ గురించే ఈ సమీక్ష. లైట్‌డీఎం, ఎస్‌డీడీఎం, జీడీఎం మూడింటినీ నెలల తరబడి వాడి చివరికి జీడీఎం దగ్గర ఆగాను. అది బాగా నచ్చేసి మాత్రం కాదు.

సెటప్ అనుకున్నంత కష్టం కాదు. డెస్క్‌టాప్ ఇన్‌స్టాల్ చేయగానే దాని ప్యాకేజీ ఎక్స్‌సెషన్స్ ఫోల్డర్‌లోనో వేలాండ్ సెషన్స్ ఫోల్డర్‌లోనో ఒక చిన్న ఫైలు పెడుతుంది. సెషన్ (లాగిన్ అయ్యాక నడిచే డెస్క్‌టాప్) పేరేంటి, ఏ ప్రోగ్రామ్ నడపాలి అన్నది అందులో ఉంటుంది. లాగిన్ స్క్రీన్ ఆ ఫైళ్లు చూసే జాబితా చూపిస్తుంది. రెండో డిస్‌ప్లే మేనేజర్ కూడా వెంట వచ్చేస్తే ఏది ఉంచమంటారని డెబియన్ అడుగుతుంది. తర్వాత మనసు మారితే డీపీకేజీ రీకాన్ఫిగర్ కమాండ్‌తో అదే ప్రశ్న మళ్లీ తెప్పించుకోవచ్చు. డిస్‌ప్లే మేనేజర్‌గా సిస్టమ్‌డీ (సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) లేపేది ఒక్క సర్వీసునే కాబట్టి మిగతావి ఊరికే డిస్కులో పడి ఉంటాయి.

లైట్‌డీఎం తేలిక. ఉబుంటులో 11.10 నుంచి 17.04 వరకు అదే ఉండేది, 17.10లో జీడీఎం వచ్చింది. లాగిన్ స్క్రీన్ గీసే పని గ్రీటర్ అనే వేరే ప్రోగ్రామ్‌ది. జీటీకే (విండోలు, బటన్లు గీసే టూల్‌కిట్) గ్రీటర్ పాతకాలంగా కనిపిస్తుంది కానీ సెషన్ మార్చే బొమ్మ పైన బార్‌లోనే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. పాత మెషీన్‌కి నా ఓటు దీనికే.

అందంలో ఎస్‌డీడీఎంని కొట్టేది లేదు. థీమ్‌లు క్యూఎంఎల్ అనే భాషలో ఉంటాయి, ప్లాస్మా సెట్టింగ్స్ నుంచే మార్చుకోవచ్చు. బయటి థీమ్ ఏదైనా దించుకుంటే గ్రీటర్‌ని టెస్ట్ మోడ్‌లో ఒకసారి విండోలో నడిపి చూశాకే పెట్టుకోండి.

జీడీఎం బరువు. లాగిన్ స్క్రీన్ కోసం గ్నోమ్ షెల్‌నే నడుపుతుంది. రూపం మార్చడం తలనొప్పి. సెషన్ ఎంచుకునే గేర్ గుర్తు యూజర్ పేరు నొక్కేదాకా కనిపించదు. కొత్తవాళ్లు ప్లాస్మా ఎక్కలేదేమో అనుకునేది ఇక్కడే.

మరి దాన్నే ఎందుకు ఉంచానంటే, లాక్ స్క్రీన్ కోసం. గ్నోమ్ తన స్క్రీన్ లాక్‌కి జీడీఎం మీద ఆధారపడుతుంది. వేరే డిస్‌ప్లే మేనేజర్ నుంచి గ్నోమ్‌లోకి వెళ్తే మామూలు లాక్ పనిచేయదు. ప్లాస్మాకి అలా కాదు, తన లాకర్ తనకుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈకి కూడా సొంత స్క్రీన్‌సేవర్ ఉంది. అంటే మూడు చోట్లా లాక్ సరిగ్గా పడాలంటే జీడీఎం ఒక్కటే దిక్కు. గ్నోమ్ లేని సిస్టమ్ అయితే ఈ లెక్కే ఉండదు, హాయిగా ఎస్‌డీడీఎం పెట్టుకోవచ్చు. డిస్‌ప్లే మేనేజర్లను పోల్చేవాళ్లు వాల్‌పేపర్ల దగ్గరే ఆగిపోతారెందుకో!

ఇంకో సంగతి. గ్రీటర్ మన అకౌంట్‌లో నడవదు, దానికి వేరే యూజర్ ఉంటుంది. అందుకే మీరు టచ్‌ప్యాడ్ ట్యాప్, స్కేలింగ్, రెండు మానిటర్ల వరస ఎంత సర్దుకున్నా లాగిన్ స్క్రీన్‌కి అవేవీ తెలియవు. మీ హోమ్‌లో వేసుకున్న ఫాంట్లూ దానికి అందవు, సిస్టమ్ మొత్తానికి వేయాల్సిందే. ఎస్‌డీడీఎం అయితే ప్లాస్మా సెట్టింగ్స్‌ని దానికి వర్తింపజేసే బటన్ ఒకటి ఉంది, మంచి పని చేశారు.

అసలు చిక్కు లాగిన్ దాటాక మొదలవుతుంది. మూడు డెస్క్‌టాప్‌లకీ హోమ్ ఫోల్డర్ ఒక్కటే. ముగ్గురు సర్దే బీరువాలా తయారవుతుంది. ప్లాస్మాలో మార్చిన థీమ్ జీటీకే సెట్టింగ్స్ ఫైల్లోకీ వెళ్తుంది, తర్వాత ఎక్స్‌ఎఫ్‌సీఈ తెరిస్తే కొన్ని అప్లికేషన్లు వేరే రంగులో వస్తాయి. ఫైల్ మేనేజర్లు మూడు, టెర్మినళ్లు మూడు. పాస్‌వర్డ్‌లు దాచేవి కూడా రెండు: గ్నోమ్ కీరింగ్, కేవాలెట్. లాగిన్‌తోనే అవి తెరుచుకోవాలంటే మీ డిస్‌ప్లే మేనేజర్ తాలూకు పామ్ (లాగిన్ తనిఖీ చేసే వ్యవస్థ) ఫైల్లో వాటి మాడ్యూల్ ఉండాలి. వాలెట్ పాస్‌వర్డూ లాగిన్ పాస్‌వర్డూ ఒకటే అయ్యుండాలి. ఆటోలాగిన్ పెట్టుకుంటే అసలు పాస్‌వర్డ్ కొట్టేదే ఉండదు, కాబట్టి కీరింగ్ విడిగా అడుగుతుంది. ఒక్కో డెస్క్‌టాప్‌కి ఒక్కో యూజర్ అకౌంట్ పెట్టుకుంటే ఈ గొడవలో చాలా భాగం పోతుంది, కాకపోతే ఫైళ్లు పంచుకోవడానికి పర్మిషన్లు చూసుకోవాలి.

డిస్‌ప్లే మేనేజర్ మార్చడం మొదలుపెట్టే ముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్ వస్తోందో లేదో చూసుకోండి. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ స్క్రీనే ఎదురైతే ముందుగా డిస్కు నిండిందేమో, హోమ్‌లోని ఎక్స్‌అథారిటీ ఫైలు (స్క్రీన్ వాడుకునే అనుమతి ఉండేది) రూట్, అంటే అడ్మిన్ పేరు మీదకి మారిందేమో ఆ కన్సోల్ నుంచే చూడాలి. రెండూ కాకపోతే జర్నల్ లాగ్ తెరవాల్సిందే.