నెల్లూరులో ఒక్కరోజే ఉంటే: పెన్న ఒడ్డా, ఉదయగిరి కోటా?

ఊరికి చుట్టాలొచ్చి "ఒక్కరోజే ఉంటాం, ఏం చూడమంటారు?" అని అడిగితే నెల్లూరులో రెండు జవాబులు వినిపిస్తాయి. చరిత్ర ఇష్టమున్నవాళ్లు ఉదయగిరి కోట అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు పెన్న ఒడ్డున ఉన్న రంగనాయకుల గుడి, జొన్నవాడ అంటారు. రెండూ ఒకే రోజులో పెట్టుకుంటే ఏదీ సరిగ్గా చూడలేరు. నన్నడిగితే మొదటిసారి వచ్చినవాళ్లకి పెన్న ఒడ్డే మేలు.

అలాగని ఉదయగిరిని తక్కువ చేయడం లేదు. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు చాలాకాలం ముట్టడించి 1514లో గెలుచుకున్నారు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి, ఆయన కోసమే గుడి కట్టించారు. హంపిలో కృష్ణాలయం చూసి మురిసిపోయేవాళ్లలో ఎంతమందికి ఆ స్వామి మన ఉదయగిరి నుంచి వెళ్లాడని తెలుసు? కానీ కోట నెల్లూరు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. రానూపోనూ ప్రయాణానికే సగం రోజు పోతుంది. ఆ పైన 3,000 అడుగులు దాటిన కొండ, నిలువ నీడ దొరకని దారి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యని కింద కూర్చోబెట్టి మనం ఎక్కడం ఏం బాగుంటుంది?

పెన్న ఒడ్డున ఆ టెన్షన్ లేదు. పొద్దున్నే రంగనాయకులపేటలో మొదలుపెట్టండి. గాలిగోపురం దూరం నుంచే కనిపిస్తుంది. లోపల అద్దాల మండపాన్ని మాత్రం హడావిడిగా దాటొద్దు. పైకప్పుకీ గోడలకీ అద్దాలే, ఎటు తిరిగినా మన మొహమే పదిచోట్ల కనిపిస్తుంది. పిల్లలు అక్కణ్ణించి కదలరు. గుడి పక్కనే నది.

జొన్నవాడ కామాక్షితాయి గుడి అక్కడికి పన్నెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. సంతానం కోసం మొక్కుకునే ఆడవాళ్లు బ్రహ్మోత్సవాల్లో కొడిముద్ద అనే ప్రసాదం కోసం వస్తారు. మనసు బాగాలేనివాళ్లు గుళ్లో రాత్రి నిద్ర చేస్తారు. నదికి ఇవతల, నెల్లూరు వైపు ఒడ్డున నరసింహకొండ ఉంది. ఓపిక ఉంటే ఏడు కోనేర్లు చూడండి, లేకపోతే పైనుంచి పెన్నని చూసి దిగినా చాలు.

మధ్యాహ్నం తినేవాళ్లకి మామిడికాయ వేసిన చేపల పులుసు ఉండనే ఉంది.

తర్వాత పల్లిపాడు. గుళ్ల మధ్యలో దీన్ని చాలామంది వదిలేస్తారు, నాకు బాధ అదే. పెన్న ఒడ్డున ఉన్న పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీయే ప్రారంభించారు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మగారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి తోడున్న పార్సీ రుస్తుంజీ పంపిన డబ్బుతో భవనం కట్టారు, అందుకే దానికి ఆయన పేరు. హంగూ ఆర్భాటం ఏమీ ఉండవు. కానీ నెల్లూరు స్వాతంత్ర్య పోరాటం గురించి పిల్లలకి చెప్పాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఇంకా పొద్దుంటే అటునుంచి మైపాడు బీచ్‌కి వెళ్లొచ్చు.

మొహర్రం రోజులైతే మాత్రం ప్లాన్ మార్చుకోండి, స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకే ముందు వెళ్లండి. అప్పుడు అక్కడ జరిగే రొట్టెల పండుగలో ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె అని ఒక్కో కోరికకీ ఒక్కో రొట్టె ఉంటుంది. కోరిక తీరినవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. మతం అడిగేవాళ్లే ఉండరు.

కుర్రాళ్లు నలుగురు కలిసి వస్తే, అదీ చలికాలంలో అయితే, నా మాట పక్కనపెట్టి ఉదయగిరికే వెళ్లండి. తెల్లారకముందే బయల్దేరి, నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి. దిగొచ్చాక అక్కడి పనివాళ్లు చేతితో చెక్కిన చెక్క గరిటెలు, స్పూన్లు కొనుక్కోండి.