సఖీర్ డార్ట్స్ టికెట్ ఆ "అన్న" దగ్గర కొంటున్నారా? ఆగండి

సఖీర్‌లో జరిగే బహ్రెయిన్ డార్ట్స్ మాస్టర్స్ (బోర్డు మీదకి బాణాలు విసిరే ఆట టోర్నీ) టికెట్ కోసం మన గ్రూపుల్లో తిరిగే ఆ అన్నని అడుగుదాం అనుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఎవరో మీకు తెలుసు. కొత్త సినిమా మొదటి ఆట నుంచి క్రికెట్ దాకా దేనికడిగినా "మన దగ్గర ఉంటాయ్ తమ్ముడూ" అనే మనిషే. ఇప్పుడే సఖీర్ నుంచి రూముకొచ్చా. ఆట చూసి కాదు, గేటు చూసి.

నాకు కావాల్సింది గురువారం టికెట్. చాట్‌లో స్పష్టంగా రాశా, "గురువారం, మొదటి రౌండ్" అని. బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఇక్కడి పేమెంట్ యాప్ బెనిఫిట్‌పేలో 20 దినార్లు పంపా, సర్వీసుకని ఇంకో 3. మన డబ్బుల్లో 5 వేలు దాటింది. టికెట్ పంపమంటే "కోడ్ ముందే పంపితే ఎవడో ఒకడు వాడేస్తాడు, మ్యాచ్ రోజు పంపుతా" అన్నాడు. ఎంత ముందుచూపు ఉన్న మనిషో అని మురిసిపోయాను కూడా. ఈ మధ్యాహ్నం స్క్రీన్‌షాట్ వచ్చింది. కోడ్ ఉంది, సీటు నంబరు ఉంది. తేదీ ఉండే పైభాగం మాత్రం లేదు. దర్జీ కూడా అంత నీటుగా కత్తిరించడు.

గురువారమే ఎందుకంటే, ఈ టోర్నీలో అసలు మజా ఆ రాత్రే. పిలిచి తెచ్చిన 8 మంది స్టార్లు ఒకవైపు, మన ఆసియా నుంచి వచ్చిన 8 మంది ఇంకోవైపు. 501 పాయింట్ల నుంచి సున్నాకి ముందు దిగినవాడిది ఒక లెగ్. ఒక్కో మ్యాచ్‌లో ముందు 6 లెగ్‌లు గెలిచినవాడు పైకి. అంత పొట్టి మ్యాచ్‌లో పెద్దోడికి డబుల్ (లెగ్ ముగించే చివరి బాణం పడాల్సిన సన్నటి గడి) నాలుగు సార్లు తప్పిందంటే చాలు, కథ మారిపోతుంది. 2019లో బ్రిస్బేన్‌లో ఇలాంటి టోర్నీలోనే ఏం జరిగింది? పైకప్పులు వేసుకునే పెర్త్ కుర్రాడు డేమన్ హీటా క్వాలిఫయర్‌గా వచ్చి, ఫైనల్లో మాజీ ప్రపంచ చాంపియన్ రాబ్ క్రాస్‌ని కొట్టి కప్పే పట్టుకెళ్లాడు. నాకు డార్ట్స్ నేర్పింది మా షాపులో పనిచేసే ఫిలిప్పీన్స్ అబ్బాయి. వాళ్ల పావ్లో నెబ్రిడా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఇంగ్లండ్ ఆటగాడు రాస్ స్మిత్‌ని 3-0తో ఇంటికి పంపిన వీడియో ఇప్పటికీ రోజూ చూపిస్తాడు. ఇద్దరం కలిసి వెళ్దామనుకున్నాం. వాడు తన టికెట్ వెబ్‌సైట్లోనే కొనుక్కున్నాడు. తెలివైనవాడు.

గేటు దగ్గర వాడి ఫోన్‌కి పచ్చ లైటు, నా ఫోన్‌కి ఎర్ర లైటు. స్కానర్ పట్టుకున్న అమ్మాయి మళ్లీ స్కాన్ చేసి, "ఇది రేపటిది సార్" అంది. వెనకాల లైను గొణుగుతోంది. పక్కకి జరిగి ఫోన్ చేశా.

"అన్నా, ఇది శుక్రవారం టికెట్ అంటున్నారు."

"అవును తమ్ముడూ, నీకు అప్‌గ్రేడ్ చేశా! ఈరోజు ఆడేవాళ్లలో సగం మంది అడ్రస్ లేనోళ్లు. రేపైతే క్వార్టర్స్, సెమీస్, ఫైనల్, అన్నీ ఒక్క రాత్రే. అసలు నువ్వే నాకింకో 5 దినార్లు ఇవ్వాలి."

"నేనొచ్చిందే ఆ అడ్రస్ లేనోళ్ల కోసం అన్నా. రేపు నాకు డ్యూటీ."

"చూడు బాబూ, గోడకి బాణాలు విసిరే ఆటకి ఇంత రచ్చ చేసేవాణ్ని నిన్నే చూస్తున్నా. ఈరోజైతేనేం రేపైతేనేం, అదే బోర్డు కదా. పనుంది, ఉంటా."

తర్వాత మెసేజ్ పెడితే ఒక్క టిక్కు. డీపీ మాయం. డబ్బులు పడేదాకా తమ్ముణ్ని, పడ్డాక బాబుని, ఆపైన బ్లాకు!

శుక్రవారం తక్కువదని నేననడం లేదు. 2024లో ఇంగ్లండ్ కుర్రాడు లూక్ లిట్లర్, పదిహేడేళ్లయినా నిండకుండానే, ఇక్కడ తొమ్మిది బాణాల్లో (అంతకన్నా తక్కువలో కుదరదు) లెగ్ ముగించింది రెండో రోజు క్వార్టర్స్‌లోనే. కానీ సూపర్‌మార్కెట్లో పనిచేసేవాడు శుక్రవారం సెలవడిగితే ఏమవుతుందో ఈ ఊళ్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు, ఆ పెద్దమనిషికి ఇంకా బాగా తెలుసు. నేను పోను సరే, రూమ్మేట్‌కిద్దామా అంటే, అదే కోడ్ ఇంకెంతమందికి అమ్మాడో దేవుడికెరుక. వాణ్ని కూడా గేటు దగ్గర నిలబెట్టలేను.

లోపల్నుంచి మావాడు వీడియోలు పంపుతూనే ఉన్నాడు. ఎవరో మూడు బాణాలకి రాగలిగినంతా, 180 కొట్టారు, హాలంతా లేచి నిలబడింది. నేను బయట టాక్సీవాడితో బేరమాడుతూ చూశా. మనామాకి తిరిగి రావడానికి ఇంకో ఖర్చు, అది అన్న సర్వీసు చార్జీలో కలవలేదట.

సరే, కొనేవాళ్లకి: టోర్నీవాళ్లు చెప్పిన సైట్లోనే కొనండి. చేతులు మారిన టికెట్ అయితే యాప్‌లో మీ పేరు మీదకి ట్రాన్స్‌ఫర్ చేయమనండి. స్క్రీన్‌షాట్‌కి డబ్బులివ్వకండి. తేదీ కనపడకపోతే అసలే వద్దు.

చాట్ మొత్తం నా దగ్గరుంది, కావాల్సినవాళ్లు ఇన్‌బాక్స్‌లో అడగండి. అడ్మిన్ గారూ, గొడవలొద్దని ఈ పోస్టు తీసేస్తే తీసేయండి, కాకపోతే పైన పిన్ చేసి ఉన్న ఆ అన్న టికెట్ల యాడ్ కూడా దీంతోపాటే తీసేయండి.