చెక్క రింగులు: కొన్నేళ్లు వేలాడిన తర్వాత

ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు దొరికే చెక్క జిమ్నాస్టిక్ రింగుల గురించి రాస్తున్నాను. బ్రాండ్ పేరు చెప్పడం లేదు. ఈ ధరలో వచ్చేవన్నీ దాదాపు ఒకటే సరుకు, పైన ముద్ర ఒక్కటే వేరు. హనుమకొండలో మా డాబా మీద, వాటర్ ట్యాంకు దిమ్మెల మధ్య వేయించిన ఇనుప పైపుకు కట్టి కొన్నేళ్లుగా వాడుతున్నాను. పుల్‌అప్స్, ఫ్రంట్ లీవర్ (చేతులు చాపి వేలాడుతూ ఒంటిని నేలకు సమాంతరంగా నిలపడం), ఒంటి చేత్తో పుల్‌అప్ కోసం చేసే సాధన, అన్నీ వీటి మీదే.

కొన్నది మోచేయి కోసం. రాడ్ మీద అరచేతులు మన వైపు తిప్పి చేసే చిన్‌అప్స్ పెరిగేకొద్దీ మోచేతి లోపలి బుడిపె దగ్గర సలుపు మొదలైంది. బండి యాక్సిలరేటర్ తిప్పినా, నీళ్ల బకెట్ ఎత్తినా గుంజేది. గోల్ఫర్స్ ఎల్బో అంటారు దీన్ని. వేళ్లనూ మణికట్టునూ ముడిచే కండరాల్లో చాలావరకు ఆ బుడిపె దగ్గరే ఎముకను పట్టుకుని ఉంటాయి. రాడ్ కదలదు కాబట్టి చెయ్యి ఏ కోణంలో పట్టుకుంటే ఆ కోణంలోనే బిగుసుకుని ఉంటుంది, శరీరం పైకి వెళ్తుంటే ఆ మెలిక అంతా మోచేయే మోయాలి. రింగు తిరుగుతుంది. కింద అరచేతులు ముందుకు ఉంటాయి, పైకి వచ్చేసరికి వాటంతట అవే లోపలికి తిరుగుతాయి. ఈ ఒక్క తేడాతోనే నాకు చాలా హాయి అనిపించింది.

అయితే రింగులు కొనగానే నొప్పి పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నా విషయంలో అసలు మేలు చేసింది రింగు ఎత్తును మార్చుకోగలగడం. నడుము ఎత్తుకు దించి, పాదాలు నేల మీద ఆనించి లాగితే బరువులో కొంత కాళ్లు తీసుకుంటాయి. ఎంత తీసుకోవాలో ఆ క్షణంలోనే సర్దుకోవచ్చు. రాడ్ మీద ఆ సౌకర్యం లేదు, ఒళ్లంతా ఎత్తాలి లేదా దిగిపోవాలి. ఒంటి చేత్తో నెమ్మదిగా దిగే నెగెటివ్స్ మోచేతులను పాడు చేయడంలో పేరు మోసినవి. వాటిని కూడా కాలి బొటనవేళ్లు నేలకు తాకిస్తూ మొదలుపెట్టే వీలు దొరికింది.

కండ బలం వారాల్లో పెరుగుతుంది. దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కు రక్త ప్రసరణ తక్కువ, అది గట్టిపడటానికి నెలలు పడుతుంది. కష్టమైన పుల్లింగ్ నేర్చుకునేవాళ్లు దెబ్బ తినేది ఈ రెంటి మధ్య ఎడంలోనే. చెయ్యి ఇంకా చేయగలనంటుంది, కీలు అప్పటికే వద్దంటూ ఉంటుంది. ఫ్రంట్ లీవర్‌లో ఇది బాగా తెలుస్తుంది. మోకాళ్లు ఛాతీకి ముడిచిన టక్ నుంచి కాళ్లు కాస్త చాపగానే శరీర బరువు భుజానికి దూరం జరుగుతుంది. కిలో కూడా పెరగకుండానే భుజం మీద, చాపి ఉంచిన మోచేయి మీద భారం ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే పదిహేను ఇరవై సెకన్లు వణుకు లేకుండా పట్టగలిగేదాకా తర్వాతి మెట్టు ముట్టుకోను. కష్టమైన లాగుళ్లు వారానికి రెండు రోజులే, మధ్యలో కనీసం 48 గంటలు. మూడో రోజు చేస్తే పాదాలు నేల మీదే.

ఫిజియోథెరపిస్ట్ చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ పాటిస్తున్నాను. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున అది ముందు రోజుకంటే ఎక్కువ కాకూడదు. లేవగానే బొటనవేలితో ఆ బుడిపెను నొక్కి చూసుకోవడం పళ్లు తోముకున్నంత అలవాటైపోయింది. నొప్పిగా ఉంటే ఆ రోజు పుల్‌అప్స్ ఉండవు. చిన్న డంబెల్ పట్టుకుని, ముంజేతిని బల్ల మీద ఆనించి, మణికట్టును మెల్లగా కిందికి దించే వ్యాయామం మాత్రం ఉంటుంది. విసుగు పుట్టించే పనే కానీ నా చేతికి పని చేసింది.

వార్మప్‌కు కూడా రింగులే. సగం బరువుతో వేలాడుతూ, మోచేతులు వంచకుండా వీపు మీది రెక్క ఎముకలను మాత్రం కిందికి లాగి వదలడం కొన్నిసార్లు. డిసెంబరు పొద్దున అయితే దీనికి రెట్టింపు సమయం ఇస్తాను.

ఇక వస్తువు సంగతి. చెక్క బాగుంది. మే నెలలో ఇక్కడి ఉక్కకు ఇనుప రాడ్ అరచేతిలో జారుతుంది, చెక్క చెమటను కొంత పీల్చుకుంటుంది. చేతులు పడే చోట రంగు ముదిరి నునుపెక్కింది, పట్టు మాత్రం తగ్గలేదు. వానాకాలం బయట వదిలేస్తే పైపూత లేస్తుంది, విప్పి లోపల పెట్టుకోవాలి. నాది 32 మిల్లీమీటర్ల మందం. పోటీల్లో వాడేవి 28. చిన్న చేతులవాళ్లు 28 తీసుకుంటేనే మంచిది, లావు రింగును గట్టిగా పిసికి పట్టుకుంటే ఆ శ్రమ మళ్లీ మోచేతికే.

పట్టీలు మాత్రం నాసిరకం. ఎత్తు సరిచూసుకోవడానికి వేసిన అంకెలు మొదటి ఎండాకాలానికే చెరిగిపోయాయి, పర్మనెంట్ మార్కర్‌తో నేనే గీతలు పెట్టుకున్నాను. పైపుకు రాసుకునే చోట అంచు దారాలు లేచాయి. పాత సైకిల్ ట్యూబ్ ముక్క పైపుకు చుట్టాక ఆగింది. బకిల్ పళ్లు పట్టీని కరిచాయో లేదో వేలాడే ముందు ప్రతిసారీ ఒక కుదుపు ఇచ్చి చూడాలి. రెండు వైపులా ఒకే ఎత్తు రావడం కూడా తలనొప్పే. వేలెడు తేడా ఉన్నా ఒక భుజం ఎక్కువ మోస్తుంది.

ఇంకో లోపం, రింగులు ఊగుతాయి. నాలుగైదు పుల్‌అప్స్ కూడా రానివాళ్లకు ఆ ఊపును ఆపడంలోనే శక్తి అయిపోతుంది. వాళ్లకు ముందు రాడ్డే నయం.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో అగ్నివీర్‌కు తయారయ్యే పిల్లలు ఎప్పుడూ కనిపిస్తారు. బీమ్ (రాడ్ మీద పుల్‌అప్స్) పది కొడితే 40 మార్కులు, ఆరు రాకపోతే ఇంటికే, అందుకని రోజూ కొడుతుంటారు. నా సంచీలో రింగులు చూసి ఒకతను "అన్నా, మోచెయ్యి గుంజుతాంది, గివి కొనాల్నా?" అని అడిగాడు. "ముందు రోజు విడిచి రోజు కొట్టు తమ్మీ, దానికి పైసలు అక్కర్లేదు" అన్నాను. పరీక్ష బీమ్ మీదే కాబట్టి ఆ అలవాటు తప్పకూడదు. మామూలు రోజుల్లో సెట్లు పెంచడానికి రింగులు పనికొస్తాయి, భర్తీ ర్యాలీ దగ్గర పడ్డాక మాత్రం రాడ్ వదలొద్దు.

పది పుల్‌అప్స్ తేలిగ్గా వచ్చి, ఆ పైవాటి మీద కన్నేసినవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. ఐదుకు నాలుగు ఇస్తాను, తగ్గించిన ఆ ఒక్కటీ పట్టీలకే. అవి విడిగా కూడా దొరుకుతాయి, దారాలు లేచిన జత తీసేసి నేను కొత్తవి వేయించాను.