పాకాలా, లక్నవరమా: ఎండాకాలం ఏది మేలు?

వేసవి సెలవులొస్తే మా ఇంట్లో ఏటా ఇదే పంచాయితీ. హన్మకొండలో పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరాలి. పిల్లలు లక్నవరం అంటారు, నేను పాకాల అంటాను.

రెండూ కాకతీయుల నాటి చెరువులే. పాకాలను 13వ శతాబ్దంలో గణపతిదేవుడి కాలంలో తవ్వించారు. నర్సంపేట మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. లక్నవరం ములుగు దాటాక, 70 పైనే.

లక్నవరం అంటే వేలాడే వంతెనే. కాలు పెట్టగానే కాస్త ఊగుతుంది, పిల్లలు కావాలని ఇంకాస్త ఊపుతారు. పోయినేడు మా అమ్మ నాలుగడుగులు వేసి, "మీరు పోయిరండి, నేనీడనే కూసుంటా" అని వెనక్కి తిరిగింది. బోటింగ్ ఉంది, తినడానికి దొరుకుతుంది. కానీ వంతెన మీద నీడ ఉండదు. మిట్టమధ్యాహ్నం ఇనుప తీగ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. యాసంగి వరికి నీళ్లు వదిలాక మే నెలలో చెరువు బాగా తగ్గుతుంది. ఫొటోల్లో చూసిన నిండు చెరువు కావాలంటే వానలు పడ్డాకే పోవాలి.

పాకాలలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, నాకు నచ్చేదీ అదే. చుట్టూ అడవి. చెట్టు కింద చాప పరిస్తే మూడింటి దాకా లేవబుద్ధి కాదు. తిండి, నీళ్లు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలి. కోతులతో జాగ్రత్త: ఓసారి పులిహోర డబ్బా మూత తీశానో లేదో, డబ్బాతో సహా చెట్టెక్కేసింది. ఎక్కడికి వెళ్లినా ఈతకు మాత్రం దిగొద్దు. పాత చెరువుల్లో పూడిక ఎక్కువ, కాలు దిగబడితే పైకి రాదు.

లక్నవరం వైపు మొగ్గడానికి ఇంకో కారణం రామప్ప. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అటు వెళ్లేటప్పుడు చూసి పోవచ్చు. అయితే ఎండెక్కితే ఆ రాళ్ల మీద వట్టి కాళ్లతో నడవలేం. ఐదింటికే బయల్దేరి ముందు గుడి, తర్వాత చెరువు చూసుకుని పన్నెండులోపు తిరుగుముఖం పట్టాలి.

అంత పొద్దున్నే లేచే ఓపిక లేకపోతే, పెద్దవాళ్లు వెంట ఉంటే పాకాలే మేలు. ఈసారి మా ఇంట్లో ఓటింగ్ పెడితే మూడు రెండుతో లక్నవరం గెలిచింది. నాలుగింటికి లేచి పులిహోర కలిపే పని మాత్రం నాదే.