వాగు పోటును పట్టే ఆటో శాంప్లర్: రెండు వానకాలాల అనుభవం

ఉష్ణమండల పర్వత అడవుల్లోని చిన్న వాగు వాన మొదలైన గంటలోపే పొంగి, మరి కొద్ది గంటల్లోనే తగ్గిపోతుంది కాబట్టి, వారానికోసారి వెళ్ళి సీసా నింపుకొచ్చే పద్ధతికి ఆ పోటు దాదాపు ఎప్పుడూ చిక్కదు. వారపు నమూనాలను నేను తక్కువ చేయడం లేదు. 1989లో హ్యూగో తుపాను ప్యూర్టోరికోలోని లుకియో అడవిని విరిచేశాక వాగుల్లో నైట్రేట్, పొటాషియం పెరిగి ఏడాదికి పైగా అలాగే ఉన్నాయని తెలిసింది అలాంటి ఓపికైన సేకరణ వల్లనే. అయితే ఒక్క రాత్రి వానలో అడవి ఏ పోషకాలను ఎంత కోల్పోతుందో తెలియాలంటే యంత్రం కావలసిందే. అందుకే, వాగు నీటిని తనంతట తానే లాగి ఒక్కో సీసాలో వరుసగా నింపే 24 సీసాల ఆటో శాంప్లర్‌ను తీసుకొని రెండు వానకాలాలు వాడాను.

అది పని చేసిన రాత్రుల ఫలితం చూసి తీరాలి. తెల్లవారి మూత తీస్తే మొదటి సీసాలో నీరు తేటగా, అయిదో సీసాలో పాలు కలిపిన టీ రంగులో, చివరి వాటిలో మళ్ళీ పలచబడి కనిపించింది. ఆకుల నుంచి సులువుగా కడుక్కుపోయే పొటాషియం పోటుతోపాటే పెరిగింది. లోతైన నేల నుంచీ రాతి నుంచీ వచ్చే సిలికా అదే సమయంలో పలచబడింది. నీరు ఏ దారిన వాగుకు చేరిందో ఆ సీసాల వరుసే చెబుతోంది.

లోపాలూ ఉన్నాయి. నీరు లాగే గొట్టం చివరి జల్లెడకు ఆకుచెత్త పట్టేసినప్పుడు, సీసాలో రెండు వేళ్ళ ఎత్తు నీరే పడినా, యంత్రం మాత్రం నమూనా తీసినట్టే నమోదు చేసుకుంది. తయారీదారు కరపత్రంలోని పీల్చే ఎత్తు (పంపు నీటిని ఎంత పైకి లాగగలదో ఆ ఎత్తు) సముద్రమట్టానికి చెప్పిన లెక్క. ఏ పంపుకైనా అక్కడ దాటరాని హద్దు సుమారు 10 మీటర్లయితే, గాలి ఒత్తిడి తగ్గే 2000 మీటర్ల ఎత్తున అది 8 మీటర్లకు పడిపోతుంది. కొండల్లో వాడే పరికరానికి ఈ మాట రాయకపోవడం చిన్న తప్పు కాదు. నేను యంత్రాన్ని గట్టు మీది నుంచి కిందికి దించుకోవలసి వచ్చింది. సీసాల్లోని అమ్మోనియం, నైట్రేట్‌లను సూక్ష్మజీవులు గంటల్లోనే మార్చగలవు. శీతల పెట్టె ఉన్న రకానికి కరెంటు ఎక్కువ కావాలి, దట్టమైన చెట్ల కింద సోలార్ పలకకు ఎండ అందదు. కనుక మంచు గడ్డలు మోసుకెళ్ళి, తెల్లవారగానే నీటిని వడగట్టడం తప్పలేదు.

ప్రతి నమూనాకు ముందు గొట్టాన్ని వాగు నీటితోనే కడిగే అమరిక ఉంది, దాన్ని ఎన్నడూ ఆపవద్దు. సమాన కాల వ్యవధిలో కాక ప్రవాహాన్ని బట్టి నమూనా తీసేలా అమర్చుకోవడం మరింత ముఖ్యం. ప్రవాహాన్ని కొలిచేందుకు వాగుకు అడ్డంగా కట్టే, 90 డిగ్రీల వి ఆకారపు గండి ఉన్న కొలత కట్టపై నీటి ఎత్తు 20 సెంటీమీటర్లుంటే సెకనుకు సుమారు 25 లీటర్లు పారుతుంది, 40 సెంటీమీటర్లకు చేరితే దాదాపు 140 లీటర్లు. పోషకాల నష్టం గాఢతను ప్రవాహంతో హెచ్చవేస్తే వచ్చేది కాబట్టి, డబ్బు రెంటిలో ఒకదానికే సరిపోయేవారు ముందు ఆ కట్ట కట్టించుకొని, శాంప్లర్‌ను మరుసటి ఏడాదికి ఉంచుకోవాలి.