నియంతని దించాలంటే: తుపాకీ పట్టాలా, రోడ్డెక్కాలా?

ఖర్చు: తుపాకులకి డబ్బు ఎవరో ఇవ్వాలి, ఇచ్చినోళ్లు రేపు లెక్క అడుగుతారు. రోడ్డెక్కడానికి మనుషులు చాలు, కానీ లక్షల్లో కావాలి.

రిస్క్: రెండిట్లోనూ ప్రాణాలు పోతాయి. 1989లో చైనాలో, బీజింగ్‌లోని తియనాన్మెన్ చౌరస్తా చుట్టుపక్కల ఉత్త చేతులతో ఉన్నోళ్లనే కాల్చేశారు కదా.

అసలు తేడా సైన్యం దగ్గర. నియంత స్వయంగా కాల్చడు, ఎవరో సిపాయి కాల్చాలి, ఎదురుగా తుపాకీ కనిపిస్తే ప్రాణభయంతో కాల్చేస్తాడు, అదే 1986లో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో లాగా ట్యాంకుల ముందు జనం జపమాలలు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంటే చెయ్యి రాదు, నాలుగు రోజుల్లో అక్కడి నియంత మార్కోస్ దేశం వదిలి పారిపోయాడు.

తర్వాత: లిబియాలో 2011లో తుపాకులు పట్టి తిరగబడితే నియంత గడ్డాఫీ పోయాడు గానీ తుపాకులు మిగిలాయి, మళ్లీ అంతర్యుద్ధమే.

సైన్యంలో మనోళ్ల పిల్లలే ఉంటే రోడ్డెక్కడమే మేలు. ఊళ్లకి ఊళ్లే చంపేస్తుంటే మాత్రం తుపాకీ పట్టినోళ్లని నేను తప్పుపట్టలేను.