“మీకు బస్సే కరెక్ట్ మేడమ్, ఎలాగూ ఫ్రీ కదా”: డ్రైవింగ్ స్కూల్లో డబ్బు కట్టబోతున్నవాళ్ళు ఇది చదవండి

9,500 రూపాయలు పోసి 21 రోజుల్లో నేను నేర్చుకున్న విద్య ఏమిటయ్యా అంటే, స్టీరింగ్ పట్టుకుని బుద్ధిగా కూర్చోవడం. ఆ మాత్రం మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడినా వచ్చేది. ఇప్పుడే వాళ్ళ ఆఫీసు నుంచి ఇంటికొచ్చాను, టీ కూడా పెట్టుకోకుండా రాస్తున్నాను, ఎందుకంటే కోపం చల్లారాక “పోనీలే” అనేస్తాను, నా సంగతి నాకు తెలుసు. స్కూలు పేరు రాయడం లేదు. మా వైపు వాళ్ళకి పేరు అక్కర్లేదు కూడా, ఏ కరెంటు స్తంభం చూసినా వాళ్ళ బోర్డే.

నాకు 41. ఇన్నేళ్ళూ ఎందుకు నేర్చుకోలేదని అడగొద్దు, ఇప్పటికే చాలామంది అడిగారు. హైదరాబాద్‌లో నాగోల్ నుంచి అమీర్‌పేట ఆఫీసుకి మొదట్లో బస్సు, 2017 నవంబరులో మెట్రో వచ్చాక మెట్రో, సీటు దొరికితే కునుకు, దొరక్కపోతే ఫోనులో సీరియల్, హాయిగా గడిచిపోయింది. తర్వాత ఆఫీసు నానక్‌రామ్‌గూడకి మారింది. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, అక్కణ్నుంచి ఎవరి తిప్పలు వాళ్ళవి. అదీ పడ్డాను. కానీ అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఒక రాత్రి హాస్పిటల్ గేటు దగ్గర ఆవిడ వాకర్ పట్టుకుని నిలబడి ఉంటే వరసగా మూడు క్యాబులు క్యాన్సిల్ అయ్యాయి. తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు, వాడి కారు మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కవరు కప్పుకుని నిద్రపోతుంటుంది. మర్నాడే వెళ్ళి చేరిపోయాను.

క్లాసులకి 6,500, “లైసెన్స్ మా పూచీ” అని ఇంకో 3,000. మొత్తం ముందే ఫోన్‌లో కొట్టించుకున్నారు, అదీ స్కూలు ఖాతాకి కాదు, ఎవరిదో సొంత నంబరుకి. రసీదు అడిగితే “మెసేజ్ వచ్చింది కదా మేడమ్, అదే రసీదు” అన్నాడు అక్కడున్నతను. సరేనన్నాను. తర్వాత ఒక రిజిస్టరు తెరిచి 21 గడులు చూపించి, “రోజూ మర్చిపోతుంటారు, అన్నీ ఒకేసారి పెట్టేయండి” అన్నాడు. పెట్టేశాను. ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగం. ఓచరు మీద ఒక్క సంతకం తక్కువైతే మేనేజరుదైనా సరే వెనక్కి పంపించే మనిషిని. అలాంటిదాన్ని, జరగని 21 క్లాసులకి ఒక్క నిమిషంలో వరసగా సంతకాలు గిలికేసి వచ్చాను. ఇంట్లో ఈ ముక్క ఇంకా ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

క్లాసు అరగంట అన్నారు. ఆ అరగంటలో కారులో నలుగురం. ఒకర్ని ఎక్కించుకోవడం, ఇంకొకర్ని దింపడం, నా చేతికి బండి వచ్చేది పది పన్నెండు నిమిషాలు. ఒకరోజు పెట్రోల్ బంకులో లైను, ఒకరోజు నేర్పే అబ్బాయి వాళ్ళ మేనకోడల్ని ట్యూషన్లో దింపాం, అదీ నా క్లాసే. అయినా నోరెత్తలేదు, ఎందుకంటే డ్రైవింగ్ నాకు భలే వచ్చేస్తోందనుకున్నాను. హబ్సిగూడ నుంచి తార్నాక దాకా ఒక్కసారి కూడా బండి ఆగకుండా వెళ్ళాను. “మీకు తొందరగా పట్టుబడింది మేడమ్, కొందరికి నెలైనా రాదు” అంటే పొంగిపోయి అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

పదమూడో రోజు ఉప్పల్ సిగ్నల్ దగ్గర నా చున్నీ కిందికి జారి గేరు పక్కన ఇరుక్కుంది. తీద్దామని వంగాను. వంగితే కనబడింది. ఆ అబ్బాయి కాళ్ళ దగ్గర రెండు పెడళ్ళు, వాటి మీద అతని చెప్పులు లేని రెండు పాదాలు. ఒకటి క్లచ్ పూర్తిగా తొక్కి ఉంది. నా కాలు కింద నా క్లచ్ కూడా నేలకి ఆనుకునే ఉంది, నేనే తొక్కాననుకున్నాను మరి. గ్రీన్ పడింది, అతని పాదం మెల్లగా లేచింది, దాంతోపాటే నా పెడలు నా కాలిని ఎత్తుకుంటూ పైకి వచ్చింది, బండి వెన్నలా కదిలింది. పదమూడు రోజులుగా బండి నడుపుతున్నది ఎవరో అప్పుడు తెలిసింది. అడిగితే “సేఫ్టీ కోసం మేడమ్, అందరికీ అంతే” అన్నాడు. అలాంటి పెడళ్ళు ఉండాలి, అది రూలే, కాదనను. ప్రమాదం వస్తే తొక్కడానికి ఉంటాయవి, మొదటి గేరు నుంచి ఇంటికి చేర్చేదాకా తొక్కడానికి కాదు. “నన్ను తొక్కనివ్వండి” అన్నాను. మర్నాడు రెండు సార్లు తొక్కనిచ్చాడు, రెండు సార్లూ ఆఫ్ అయింది, వెనకాల హారన్లు, “టైం లేదు మేడమ్” అని మళ్ళీ అతనే.

ఆదివారం తమ్ముడొచ్చాడు. సెల్లార్‌లోంచి పైకి ఎక్కించమన్నాడు. ఏడు సార్లు ఆఫ్ చేశాను. వాచ్‌మన్ లేచి వచ్చి చక్రం వెనకాల రాయి పెట్టాడు, అంత గొప్పగా ఉంది నా డ్రైవింగ్. “అక్కా, నువ్వసలు క్లచ్ ఎప్పుడైనా వదిలావా?” అన్నాడు వాడు. ఏం చెప్పను.

తర్వాత నాగోల్ ట్రాక్ మీద టెస్టు. అక్కడ పక్కన పాదాలు ఉండవు కదా. హెచ్ ఆకారంలో రివర్స్ రావాలి, రెండో మలుపులో బండి ఆఫ్, మళ్ళీ స్టార్ట్ చేసేసరికి కడ్డీకి తగిలింది. ఫెయిల్. అది నా తప్పే, నాకు రాదు కాబట్టి పోయింది. 3,000 తీసుకున్న “మా పూచీ” గారు ఆ టైములో టీ బండి దగ్గర ఉన్నారు. వారం ఆగి మళ్ళీ రావచ్చు, బండికి మాత్రం ఇంకో వెయ్యి అవుతుందన్నారు.

ఇక ఇవాళ. డబ్బు వెనక్కి కూడా అడగలేదండీ నేను. పది క్లాసులు సరిగ్గా మళ్ళీ నేర్పించండి, నా కాలితో నన్ను తొక్కనివ్వండి, అంతే అన్నాను. ఓనరు ఫోనులోంచి తలెత్తకుండానే రిజిస్టరు తీసి నా వైపు తిప్పాడు. 21 గడులు, 21 సంతకాలు, నా చేతి రాతే. “మీరే పెట్టారుగా మేడమ్?” అన్నాడు. మొదటి రోజే పెట్టించారని చెబితే “చదువుకున్నవాళ్ళు, చూడకుండా పెడతారా?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అదే మాట నన్ను నేను వారం నుంచి అనుకుంటున్నాను. నేనింకా అక్కడే నిలబడి ఉండేసరికి కుర్చీ వెనక్కి వాల్చి, “ఈ వయసులో ఎందుకు మేడమ్ మీకీ టెన్షన్? మీకు బస్సే కరెక్ట్. ఎలాగూ ఫ్రీ కదా” అన్నాడు. బల్ల దగ్గర ఫారాలు నింపుతున్న ఇద్దరు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆ రోజే చేరడానికి వచ్చిన ఒకమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, నవ్వలేదు, తల దించుకుంది. ఆ అమ్మాయి ముందు ఇదిగో ఇలా జరిగిందని గట్టిగా చెప్పి రావాల్సింది. గొంతు పెగల్లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని వచ్చేశాను. ఇంటి మెట్లెక్కుతుంటే మాత్రం అద్భుతమైన జవాబులు తట్టాయి.

అవును, తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఫ్రీయే. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటున్నాను, సిగ్గుపడాల్సిందేం లేదు. మా రూట్లో కండక్టరమ్మ “ముందుకి జరగండమ్మా” అని అందరినీ ఒకేలా కేకలేస్తుంది. ఆవిడ కేకలో ఉన్న మర్యాద వీడి “మేడమ్”లో లేదు.

ఇంటికొచ్చి రూల్స్ చదివాను, చేరకముందు చదవాల్సినవి. మోటారు వాహనాల కేంద్ర నిబంధనల్లోనే ఉంది, కారు నేర్పే స్కూలు కనీసం 21 రోజులు నేర్పాలి, అందులో బండి నడిపే సమయం 10 గంటలకి తగ్గకూడదు. నాకు దక్కింది నాలుగు గంటలు. ఆ రిజిస్టరే ఫారం 15, ఎన్ని గంటలు నడిపామో రాసే పుస్తకం, నేను గుడ్డిగా గిలికింది దాని మీదే. ఇక ఫీజు చూద్దామా, ఎల్ఎల్ఆర్‌కి, అంటే లెర్నర్ లైసెన్సుకి 150, దాని పరీక్షకి 50, డ్రైవింగ్ టెస్టుకి 300, లైసెన్సుకి 200, పైన సర్వీసు చార్జీలు. మరి ఆ 3,000 దేనికి కట్టానో మీరే చెప్పండి.

చేరేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఏ రోజు సంతకం ఆ రోజే పెట్టండి, సగం డబ్బే ముందు కట్టండి, రసీదు లేకపోతే లేచి వచ్చేయండి. మొదటి రోజే పక్కవాళ్ళ కాళ్ళ వైపు ఒకసారి వంగి చూడండి, చున్నీ జారేదాకా ఆగొద్దు.

నా ఎల్ఎల్ఆర్ గడువు ఇంకా రెండు నెలలుంది. నాగోల్, ఉప్పల్ వైపు మన సొంత కారు మీదే నేర్పేవాళ్ళు, ఆడవాళ్ళయితే ఇంకా మంచిది, ఎవరైనా తెలిస్తే చెప్పండి. ఉదయం ఏడు లోపు అయితేనే కుదురుతుంది, ఏడున్నరకి నేను మెట్రో ఎక్కాలి.